ఏడు తరాల వంకర మెడ

జూలూరుపాడులో ఏడు తరాలుగా ఉకులేలేలు తయారవుతున్నాయన్న సంగతి నిరుడు వేసవి దాకా లోకానికి తెలియదు. వాటిని తయారుచేస్తున్న ఖయ్యూంకు కూడా తెలియదు. ఖమ్మం నుంచి కారేసుకుని వచ్చి సీతారావమ్మ గారు చెబితేగానీ ఆయనకు తన వంశచరిత్ర బోధపడలేదు.

అంతవరకు ఆయన ఎరిగిన చరిత్ర బహు స్వల్పం. తాత ఎడ్లబండ్లకు చక్రాలు చేశాడు. తండ్రి తలుపులూ మంచాలూ చేశాడు. ఖయ్యూంకు తలుపుల పని చేతికి వచ్చేసరికి బజారులోకి రెడీమేడ్ తలుపులు దిగాయి. మంచాల పని వచ్చేసరికి ఇనప మంచాలు దిగాయి. ఇక ఉలి పట్టుకుని వీపు గోక్కోవడమే మిగిలిన రోజుల్లో, కరోనా సద్దుమణిగి బళ్లు తెరుచుకున్నాక, ఉకులేలే వచ్చింది.

అది వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గదే. ఖమ్మం పక్క ఖానాపురం హవేలి అనే ఊళ్లో ఒక ప్రైవేటు బడి తమ పిల్లలకు సంగీతం కూడా నేర్పుతామని కరపత్రం వేసింది. ముందు గిటార్ అనుకున్నారు. కానీ పిల్లలు కూరిన ఆటోలో గిటార్ ఎక్కితే ఇద్దరు పిల్లలు దిగాలి. ఫీజు కట్టేది గిటార్ కాదు కనుక గిటారే దిగింది. దాని బదులు నాలుగు తీగలతో, చంకలో ఇమిడే, గిటారుకు కడగొట్టు బిడ్డలా ఉండే ఉకులేలేను యాజమాన్యం ఎంపిక చేసింది. మన విద్యావిధానాన్ని రూపొందించడంలో ఆటో పాత్ర గురించి ఇంకా తగినంత పరిశోధన జరగలేదు.

తెప్పించిన వాయిద్యాలు ఆ ఆటోల్లోనే పటపట విరిగాయి. బాగుచేసేవాడి కోసం వెతికి వెతికి ఒక సంచెడు ముక్కలు ఖయ్యూం దగ్గరకు పంపారు. ఖయ్యూం ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులేముంది? చిన్న పెట్టె, పొడుగు మెడ. కొత్తదే చేసిస్త" అన్నాడు. కూల్చేసిన ఒక పెంకుటింటి టేకు తలుపును కోసి, తొలి ఉకులేలే చేశాడు.

ఆయన భార్య ఫజిలత్. ఆమె తండ్రి ఖమ్మంలో హార్మోనియాలు బాగుచేసేవాడు. కనుక ఆమెకు చెవి ఉంది. నోటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. "బంక ఆరనియ్యి, తొందరపడకు" అని ఆమె అంటూనే ఉంది. ఖయ్యూం దాన్ని గోడకానించి చాయ్ తాగడానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి మెడ ఎడమకు జారి బిగుసుకుపోయింది. పొట్ట మీద పాత తలుపు గొళ్ళెం తాలూకు బొక్క అలాగే ఉంది. తీగలు కట్టి మీటితే ఎక్కడో దూరాన ఎవరో కూడబలుక్కుని ఏడుస్తున్నట్టు వినిపించింది.

"ఏందయ్యా గిది? మెడ పట్టిందా దీనికి?" అంది ఫజిలత్.

ఆ మాట ఖయ్యూంకు గుచ్చుకుంది. దాన్ని కొట్టు గోడకు మేకు వేసి తగిలించాడు. తర్వాతిది ఇద్దరూ కలిసి చేశారు. మెడను బంకతో కాకుండా లోపలినుంచి నట్టూ బోల్టుతో బిగించాలని ఫజిలత్‌కు తోచింది. పొట్ట చెక్కను ఆమే చిత్రిక పట్టి, వేలితో తట్టి, వింటూ పలచన చేసింది. ఇక మెడ వంగలేదు. వంగినా బోల్టు తిప్పితే దారికొచ్చింది. మీటితే గది అంతా తేలికపడినట్టుండేది. బడివాళ్లు అలాంటివే ఇంకొన్ని చేయించుకుని తీసుకుపోయారు. ఆ వాయిద్యాలు విరగలేదు. పిల్లలు పాడారు. అంతా సవ్యంగానే నడిచింది. అందువల్లే ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటి సమయంలో మన్యసీమ పారంపర్య కళల పరిరక్షణ సమితి అధ్యక్షురాలు సీతారావమ్మ గారు భద్రాచలం పోతూ, టైరు పంక్చరై, కొట్టు ముందు దిగారు. మేకుకు వేలాడుతున్న ఆ వంకర మెడను చూసి రెండు చేతులూ జోడించారు.

"ఎంత ప్రాచీనం!" అన్నారు.

"లేదమ్మా, కరోనా పోయినంక చేసిన" అన్నాడు ఖయ్యూం.

"చూశారా, కళాకారుడి వినయం!" అని ఆమె తన డ్రైవరుతో అన్నారు.

పంక్చరు వేయడం పూర్తయ్యేలోపు చరిత్ర కూడా పూర్తయింది. ఉకులేలే ఎక్కడో సముద్రాల అవతలి దీవుల్లో పుట్టిందన్నది పొరపాటు. ఊకె, అంటే ఊరికే, కూర్చున్న మనిషిని 'లే, లే' అని లేపే వాయిద్యం కనుక మనవాళ్లు దాన్ని 'ఊకెలేలే' అన్నారు. ఈ మాట మన ప్రాంతంలో తప్ప మరెక్కడా పుట్టే అవకాశమే లేదు. ఆ మెడ వంపు గోదావరి మలుపు. పొట్ట మీది రెండో బొక్క నాదరంధ్రం. ఇంతటి విద్య ఒక్క తరంలో రాదు, ఏడు తరాలు పడుతుంది. ఖయ్యూం తాతకు ముందటి తరాల పేర్లు ఆయనకు గుర్తులేకపోవడమే వారి ప్రాచీనతకు తిరుగులేని సాక్ష్యం.

నెల తిరక్కుండానే ఖమ్మంలో ఖయ్యూంకు 'పారంపర్య ఊకెలేలే మహాశిల్పి' బిరుదు, శాలువా, జ్ఞాపిక అందాయి. మే నెల ఎండలో శాలువా ఎంత సుఖంగా ఉంటుందో కప్పించుకున్నవారికే తెలుస్తుంది. ఉలి పట్టిన ఇరవై ఏళ్లలో ఆయన్ని ఎవరూ 'గారు' అనలేదు. ఆ రోజు మైకులో అన్నారు. ఖయ్యూం కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో పక్కసీటతను శాలువా సంగతి అడిగితే, "అవ్, ఏడు తరాలు" అని చెప్పి చూశాడు. నోటికి బాగానే ఉంది. జూలూరుపాడులో దిగేసరికి ముత్తాత ముఖం కూడా లీలగా కనబడసాగింది.

బిరుదుతో పాటు నిబంధనలు కూడా వచ్చాయి. మహాశిల్పి ఇకపై నట్టూ బోల్టూ వాడరాదు. కరెంటు మిషను ముట్టరాదు. సందర్శకులు వచ్చినప్పుడు ప్యాంటు వేసుకోరాదు. ముఖ్యంగా మెడ వంపు తొలి నమూనాకు వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు. గొళ్ళెం బొక్క ఉన్నచోటే ఉండాలి.

"మల్ల వంకరవి చేస్తవా?" అని అడిగింది ఫజిలత్.

"వంకర అనకు. వంపు అను."

"నువ్వు పొరపాటున చేసినవ్. అయిపాయె. తెలిసి తెలిసి వంకర చేసుడు గూడ ఒక పనేనా?"

"తెల్వక చేస్తే పొరపాటు, తెలిసి చేస్తే కళ" అన్నాడు ఖయ్యూం. ఈ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. శాలువాలోంచి వచ్చి ఉంటుంది.

తీరా కూర్చుంటే తెలిసింది, వంకరను వంకరగా చేయడం తిన్నగా చేయడంకన్నా కష్టమని. ఒకటి మరీ వంగేది, ఒకటి సిగ్గుపడినట్టు కొంచెమే వంగేది. చివరికి ఖయ్యూం మెడను పట్టి వంచి ఉంచే చట్రం ఒకటి సొంతంగా కనిపెట్టాడు. ఇంత తెలివైన పనిముట్టు ఆయన జన్మలో చేయలేదు. సందర్శకులు వచ్చినప్పుడు దాన్ని మంచం కింద దాచేవాడు, ఏడు తరాల్లో ఎవరూ అలాంటిది వాడలేదు కనుక.

ఇక రెండో పక్షం సంగతి. చండ్రుగొండ దగ్గరి తండానుంచి పోయి ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేసి, విసిగి తిరిగొచ్చిన బలరాం అప్పటికే 'అరణ్య నవకల్పనల కేంద్రం' పెట్టి ఉన్నాడు. కేంద్రంలో కల్పించడానికి ఏదైనా ఉంటే బాగుండునని చూస్తున్నాడు. ఖయ్యూం సన్మానం ఫొటో చూసి మోటారు సైకిలు మీద దూసుకొచ్చాడు.

"చాచా, మీ ప్రాడక్ట్ సూపర్. కానీ మనిషి చేసుడేంది చాచా ఈ కాలంల? స్కేల్ కాదు. నేను మీ తొలి పీసును స్కాన్ చేస్త. మిషన్ల ప్రింట్ కొడుత. వాయించరాకున్నా యాప్ వాయిస్తది."

మహాశిల్పి సగర్వంగా మేకుకు వేలాడుతున్న తొలి ఉకులేలేను దించి ఇచ్చాడు. మిషను మనిషిలాంటిది కాదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ప్లాస్టిక్ ఉకులేలే అచ్చం అదే వంకరతో, అదే గొళ్ళెం బొక్కతో బయటికి వచ్చింది. ఆ బొక్కను ఏం చేయాలో కొంత చర్చ జరిగాక, చార్జింగు పెట్టుకోవడానికని తేల్చారు. దాని పేరు 'స్మార్ట్‌లేలే'. తీగలు మీటితే మామూలుగా ఏడ్చేది. ఏడ్చిన ప్రతిసారీ ఫోనులోని యాప్ "అద్భుతం! మీరు పురోగమిస్తున్నారు!" అని చెప్పేది. పురోగతి వద్దనేవాడెవడు?

ఇలా ప్రాచీనతకు ఒకటి, ఆధునికతకు ఒకటి చొప్పున రెండు వంకర మెడలు విపణిలోకి వచ్చాయి. రెండు పక్షాలూ పత్రికల్లో తిట్టుకున్నాయి. సంప్రదాయాన్ని మిషన్లో పెట్టి నలుపుతున్నారని సీతారావమ్మ గారు, దేశాన్ని ఎడ్లబండి కాలానికి తోస్తున్నారని బలరాం. మెడ విషయంలో మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయం. ఖానాపురం హవేలి బడి ఒక సెక్షనుకు సంప్రదాయం, ఇంకో సెక్షనుకు సాంకేతికత కొన్నది. ఫజిలత్ చేసినవాటిని చూపిస్తే యాజమాన్యం పాపం నొచ్చుకుంటూనే చెప్పింది: "బాగున్నయ్ మేడం, కానీ ఇవి ఏ కేటగిరీలకీ రావు."

పిల్లలు ఎప్పటిలాగే సర్దుకుపోయారు. తలను ఎడమకు వాల్చి, గొంతును కొంచెం పక్కకు పెట్టి పాడితే వాయిద్యంతో కలుస్తోందని కనిపెట్టారు. తల్లిదండ్రులు కూడా తలలు వాల్చి విని, మురిసిపోయారు. బడికి ఎదురుగా మెడనొప్పులకు వ్యాయామం చేయించే క్లినిక్ ఒకటి తెరుచుకుంది. సంగీతం వల్ల ఉపాధి కూడా పెరుగుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఫజిలత్ తన పని బల్లను వెనక గదిలోకి మార్చుకుంది. చండ్రుగొండ వైపు ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో సంగీతం చెప్పే జ్యోత్స్న అనే టీచరు ఒకనాడు వచ్చి, గోడమీది వంకరలన్నీ మీటి, ఒక్కోదానికీ ఒక్కోరకంగా ముఖం పెట్టి, చివరికి వెనక గదిలోంచి వస్తున్న ధ్వని విని లోపలికి పోయింది. ఆడవాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఖయ్యూం అడగలేదు. మహాశిల్పులు అన్నీ అడగరు.

చలికాలంలో రెండు పక్షాలూ రాజీపడి ఖమ్మం ఫంక్షన్ హాలులో 'సంప్రదాయ నవకల్పనా సంగమోత్సవం' జరిపాయి. బళ్ల మధ్య ఉకులేలే పోటీ. న్యాయనిర్ణేతల కుర్చీల్లో అటు సీతారావమ్మ గారు, ఇటు బలరాం, నడుమ శాలువాతో ఖయ్యూం. బళ్లు వరసగా వచ్చి, తలలు వాల్చి, ఏడిపించి వెళ్లాయి. ప్రతి ఏడుపుకూ చప్పట్లు మోగాయి.

అప్పుడు జ్యోత్స్న తన పిల్లలతో వచ్చింది. తలలు నిటారుగా పెట్టుకుని వాళ్లు తీగలు మీటారు.

మొదటి మీటుకే ఖయ్యూం గుర్తుపట్టాడు. ఆ పలచని పొట్ట చెక్క మీద తట్టిన వేలు ఎవరిదో ఆయనకు తెలుసు. పిల్లల గొంతులు వాయిద్యం మీద కాలు పెట్టి నడిచినట్టు పాట సాగింది. ఖయ్యూం చేతుల మీద వెంట్రుకలు లేచాయి. హాలులో మాత్రం జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏదో తేడాగా ఉందని అందరికీ తెలుస్తోంది. ముందు వరసలో ఒక పెద్దమనిషి తల ఎడమకు వాల్చి చూశాడు, కుడికి వాల్చి చూశాడు, ఎటూ కలవక, "అపశ్రుతి" అని పక్కవాడితో అన్నాడు.

"వంపేదీ?" అన్నారు సీతారావమ్మ గారు.

"యాప్ ఏది?" అన్నాడు బలరాం.

ఇద్దరూ నడుమ కుర్చీ వైపు తిరిగారు. మైకు ఖయ్యూం చేతికి వచ్చింది. మొదటి వరస పక్కన గోడకానుకుని నిలబడ్డ ఫజిలత్ ఆయనకు అప్పుడే కనబడింది. ఆమె చేయి ఊపలేదు, సైగ చేయలేదు. ఊరికే చూసింది. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెప్పాక శాలువా ఉంటుందా, 'గారు' ఉంటుందా అన్నది కూడా ఆయనకు అదే క్షణంలో తోచింది.

"ఈ వాయిద్యం..." అని గొంతు సవరించుకున్నాడు. "ఈ వాయిద్యం మా సంప్రదాయంలో లేదు. నవకల్పన కిందికీ రాదు. అందుచేత పోటీకి అర్హత లేదని మహాశిల్పిగా మా అభిప్రాయం."

"పాట ఎట్లున్నది సార్? అదొక్కటి చెప్పండి చాలు" అని జ్యోత్స్న వేదిక మీదనుంచే అడిగింది.

"పాట మా పరిశీలన పరిధిలోకి రాదు" అన్నాడు ఖయ్యూం. హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి.

ఇంటికి పోతే పెద్ద రగడ అవుతుందనుకున్నాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడే పోయాడు. ఫజిలత్ అన్నం పెట్టింది. "బియ్యం అయిపోయినయ్, రేపు తేవాలె" అంది. అంతే. మర్నాడూ అంతే, ఆ వారమూ అంతే. ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు. ఉకులేలే అన్న మాట ఆమె నోట రాలేదు. వెనక గదిలోంచి చిత్రిక చప్పుడు వస్తూనే ఉండేది. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఇల్లు ఎంత పెద్దదై బెదిరిస్తుందో ఖయ్యూంకు అప్పుడు తెలిసింది. ఒకసారి గడపలో నిలబడి, "ఫజిలత్, ఆ బోల్టు ఎట్ల బిగిస్తున్నవ్?" అని అడిగాడు. "సంప్రదాయంల లేదు గద, నీకెందుకు?" అంది ఆమె తలెత్తకుండా.

ఈలోగా జ్యోత్స్న తన పిల్లల్ని హైదరాబాదులో ఒక పెద్ద పోటీకి తీసుకుపోయింది. అక్కడి న్యాయనిర్ణేతలకు దురదృష్టవశాత్తూ ఏడు తరాల సంగతి తెలియదు. పాట విని మొదటి బహుమతి ఇచ్చేశారు. ఆ వీడియో ఫోను ఫోనుకూ పాకింది. బొంబాయినుంచి కూడా "ఈ వాయిద్యం ఎక్కడ దొరుకుతుంది?" అని అడగసాగారు.

సమితి అత్యవసరంగా సమావేశమై చరిత్రను మరోసారి పరిశీలించింది. తిన్నని మెడే అసలైన ప్రాచీన సంప్రదాయమనీ, వంకర అన్నది మధ్యకాలంలో బయటివాళ్ల వల్ల చొరబడ్డ వికారమనీ ఏకగ్రీవంగా తేలింది. పేరు కూడా 'ఊకెలేలే' కాదు, 'ఉక్కులేలే'. బోల్టు మన పూర్వికుల ఆవిష్కారమేనని ఆ మాటలోనే ఉంది. బలరాం కేంద్రం కూడా వెనకబడలేదు. 'నిటారు సాంకేతికత'తో స్మార్ట్‌లేలే రెండో అవతారాన్ని విడుదల చేసింది. బొక్క మాత్రం ఉంచారు, చార్జింగు పెట్టుకోవాలి కదా.

అదే ఫంక్షన్ హాలు, అదే జనం. తిన్నని మెడను ఏడు తరాలుగా కాపాడుకొచ్చినందుకు ఖయ్యూంకు మహాసన్మానం. ఈసారి శాలువా పట్టుది. జ్యోత్స్న పిల్లలు వాయించారు. పోయినసారి అపశ్రుతి అన్న పెద్దమనిషి కళ్లు మూసుకుని తలాడించాడు. వ్యాఖ్యాత ఉత్సాహం పట్టలేక, "ప్రతి మహాశిల్పి వెనకా ఒక స్త్రీమూర్తి ఉంటుంది. సతీమణి గారు రెండు ముక్కలు మాట్లాడాలి" అని ఫజిలత్‌ను వేదికెక్కించాడు.

ఫజిలత్ మైకు పట్టుకుంది.

"అందరికి సలాం. మాట్లాడమన్నరు గనక చెప్తున్న. ఏడు తరాలు ఏం లేవు. ఈయన తాత బండి చక్రాలు చేసిండు. కరోనా పోయినంక ఈయన మొదటిది చేసిండు. బంక ఆరేదాక ఆగలే, మెడ వంగింది. ఆ బొక్క తలుపు గొళ్ళెంది. బోల్టు పెట్టింది నేను. మీరిప్పుడు విన్నయన్నీ నేను చేసినయే. పోయినసారి గీ స్టేజీ మీదనే పనికిరావన్నరు. ఈయన గూడ అన్నడు."

బండి చక్రాల దగ్గర నవ్వులు మొదలయ్యాయి. గొళ్ళెం దగ్గర ఈలలు పడ్డాయి. ఆమె ముగించేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఆహా! ఉస్తాద్ గారి ఇంట్లో హాస్యానికి కూడా కొదవ లేదన్నమాట!" అన్నాడు వ్యాఖ్యాత. సీతారావమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు, నవ్వి నవ్వి.

ఫజిలత్ మైకును బల్లమీద పెట్టేసింది. ఆ ముఖం చూశాక ఖయ్యూం కూర్చోలేకపోయాడు. లేచి మైకు దగ్గరకు వచ్చాడు. "ఆమె చెప్పింది నిజం. అంతా నిజమే. నేను అబద్ధం చెప్పిన" అన్నాడు. భుజంమీది పట్టుశాలువా తీసి ఆమెకు కప్పాడు. "మాఫ్ చెయ్యి" అన్నాడు మెల్లగా, మైకుకు అందకుండా.

"ఉస్తాద్, ఇంకోసారి కప్పండి, ఫ్లాష్ పడలేదు" అన్నారు ఫొటోగ్రాఫర్లు.

మర్నాడు పత్రికల్లో ఆ ఫొటో వచ్చింది. 'అర్ధాంగికి శాలువా కప్పి సంస్కారం చాటిన మహాశిల్పి' అని కింద రాశారు. ఫోన్లలోనూ వచ్చింది. మనమందరం చూశాం. ఎర్రటి గుండె బొమ్మలు నొక్కాం. ఇలాంటి భర్త అందరికీ దొరకాలని రాశాం. ఆమె పేరేమిటని అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు జూలూరుపాడు కొట్టు ముందు ఆదివారం కార్లు ఆగడానికి చోటు చాలదు. భార్యాభర్తలిద్దరూ ఒకే గదిలో, ఒకే బల్లకు చెరోపక్క కూర్చుని పనిచేస్తారు. ఫజిలత్ మళ్లీ తిడుతోంది కనుక ఖయ్యూం నిమ్మళంగా ఉన్నాడు. వచ్చినవాళ్లు ఒకటి తీసుకుని మీటి చూసి, బాగుందంటే, "నాది కాదు సార్. మా ఆమె చేసింది" అని ఆయన ప్రతి ఒక్కరికీ చెబుతాడు. విన్నవాళ్ల చేయి అక్కడే ఆగుతుంది. చిరునవ్వుతో ఆ వాయిద్యాన్ని మెల్లగా యథాస్థానంలో పెట్టేస్తారు.

"అది సరే ఉస్తాద్, మీ చేత్తో చేసినది చూపించండి. పిల్లాడికి బహుమతి ఇవ్వాలి."

ఖయ్యూం మళ్లీ చెప్పబోతాడు. ఈలోగా ఫజిలత్ చిత్రిక ఆపకుండానే, "ఆయనే చేసిండు సార్, ఊకె పరాష్కాలాడి నవ్విస్తడు. భయపడకుండ్రి, తీస్కపోండ్రి" అంటుంది.

వాళ్ల ముఖం వికసిస్తుంది. ఇందాక పెట్టేసినదాన్నే మళ్లీ అందుకుని, మీటి, "చూశావా, ఆ చెయ్యే వేరు" అని ఇంట్లోవాళ్లతో అంటారు. పోయిన ఆదివారం అలా అని, నిశ్చింతగా కొనుక్కుని వెళ్లినవారిలో, మన్నించాలి, తమరు కూడా ఉన్నారు.